ఫోన్ కెమెరాల లైటెందుకు కొట్టుకుంటది? కమ్మరాయన కొడుకు తేల్చిన ముచ్చట

పెండ్లి బరాత్ కాడ, బతుకమ్మ ఆట కాడ, రాత్రి పూట కబడ్డీ కోర్టు కాడ, ఏడ ఫోన్ తీసి వీడియో కొట్టినా ఒక తిప్పలు ఉంటది. కంటికి లైట్లు సక్కగనే వెలుగుతయి. ఫోన్ల జూస్తే మాత్రం అవే లైట్లు మిణుకు మిణుకుమని కొట్టుకుంటయి. గోడ మీద నల్ల చారలు పైనుంచి కిందికి పారుతయి. దుకాణం ముంగట ఉరికే అక్షరాల ఎల్ఈడీ బోర్డును తీస్తే సగం అక్షరం ఉంటది, సగం ఉండది. ఫోన్ ఖరాబైందని ఒకరంటరు. అమ్మినోడు మోసం చేసిండని ఇంకొకరంటరు. గదే వీడియోను స్టేటస్‌ల పెట్టి గాలి ఉన్నది, దయ్యం ఉన్నది అని భయపెట్టేటోళ్లు కూడ ఉంటరు.

ఫోన్ మంచిగనే ఉన్నది తమ్మీ. దయ్యం లేదు చెల్లె. అండ్ల ఉన్నయి రెండే సంగతులు. ఒకటి, మన ఇంటికొచ్చే కరెంటు వాగు లెక్క ఒకే దిక్కు పారదు. ఉయ్యాల లెక్క ముంగటికి ఎనుకకు ఊగుతది. రెండోది, సందుల నుంచి ఆగి ఆగి చూసినప్పుడు కదిలే వస్తువు ఉన్నది ఉన్నట్టు కనిపించదు. ఈ రెండు సంగతుల కాడ కూడ ఒకే మనిషి నిలబడి ఉన్నడు. అది కూడ తొమ్మిది నెలలు తిరగకముందే. ఆయన పేరు మైకేల్ ఫారడే. టెన్త్ సైన్సు పుస్తకంల ఆయన పేరు మీద సూత్రం ఉంటది. రెండు మార్కుల కోసం బట్టీ పట్టి మర్చిపోతం. ఆయన ఏ ఇంట్ల పుట్టిండు, ఎట్ల సదువుకున్నడు, ఎవల కాడ మాటలు పడ్డడు అనేది ఎవలూ చెప్పరు. నాకైతే సూత్రం కన్నా ముందుగాల ఆ బతుకు తెలుసుకోవాలె అనిపిస్తది.

కొలిమి ఇంట్ల పుట్టినోడు

ఫారడే 1791 సెప్టెంబర్ 22 నాడు లండన్ పక్కన న్యూయింగ్టన్ బట్స్ అనే కాడ పుట్టిండు. అయ్య జేమ్స్ కమ్మరి పని చేసేటోడు. ఇంగ్లండ్‌కు ఉత్తరాన ఉన్న పల్లె నుంచి బతుకుదెరువుకు పట్నం వచ్చిన కుటుంబం. నలుగురు పిల్లలల్ల మైకేల్ మూడోటోడు. అయ్యకు పానం ఎప్పుడూ సుస్తీనే. కొలిమి కాడ నిలబడ్డ నాడే కూలి, పండుకున్న నాడు పస్తు. 1801ల తిండి ధరలు మండిపోయినప్పుడు ఆ పోరనికి వారానికి ఒక రొట్టె దొరికేదట. దాన్నే రోజుకింత కోసుకొని ఏడు దినాలు ఎల్లదీయాలె. గప్పుడు ఆయన వయసు తొమ్మిదేండ్లు.

బడి అంటే చదువుడు, రాసుడు, ఇన్ని లెక్కలు, గంతే. పదమూడో ఏడు వచ్చేసరికి అది కూడ బంద్ అయింది. 1804ల బ్లాండ్‌ఫోర్డ్ వీధిల పుస్తకాల దుకాణం పెట్టుకున్న రీబో అనే ఆయన దగ్గర పనికి కుదిరిండు. ఆ రోజులల్ల న్యూస్ పేపరు కొనాలంటే మస్తు ధర. రీబో పేపర్లు కిరాయికి ఇచ్చేటోడు. ఒక ఇంట్ల పేపరు ఇచ్చుడు, చదివినంక వాపస్ తెచ్చి ఇంకో ఇంట్ల ఇచ్చుడు, ఇదీ ఫారడే మొదటి నౌకరి. మరుసటేడు రీబో ఆయన్ను పుస్తకాల బైండింగ్ పనిల పెట్టుకున్నడు. ఏడేండ్ల ఒప్పందం. పని నేర్పినందుకు మామూలుగ పైసలు కట్టాలె. పోరడు నమ్మకంగ పని చేస్తున్నడని రీబో పైసలు అడగలే.

బైండింగ్ కోసం వచ్చిన పుస్తకాన్ని కుట్టేటోళ్లు శానమంది ఉంటరు, తెరిచి చదివేటోళ్లు తక్కువ. ఈ పోరడు చదివిండు. ఒక ఎన్‌సైక్లోపీడియా సంపుటం చేతికి వస్తే అండ్ల కరెంటు గురించి రాసిన పాఠం పట్టుకున్నడు. జేన్ మార్సెట్ అనే ఆమె రాసిన కెమిస్ట్రీ పుస్తకం ఇంకోటి దొరికింది. ముచ్చట పెట్టినట్టు ఆడవాళ్ల కోసమని ఆమె రాసిన పుస్తకం అది. ఆ పుస్తకమే ఫారడేను సైన్సు దిక్కు మలిపింది. చెల్లెండ్లు ఈ సంగతి యాది పెట్టుకోండ్రి. పెద్దమనిషి అయినంక కూడ ఫారడే ఆమెను గురువు లెక్కనే చూసుకున్నడు.

చదివింది ఊకెనే నమ్ముడు ఆయన గుణం కాదు. చేతికి దొరికిన సీసాలు, తుక్కు సామాన్లు తెచ్చి దుకాణంలనే చిన్న చిన్న ప్రయోగాలు చేసి చూసుకున్నడు. పుస్తకంల రాసినట్టే అయితదా లేదా అని తన కండ్లతోని చూస్తేనే ఆయనకు నిమ్మళం.

లండన్‌ల పని చేసుకునే పోరగాండ్లు సాయంత్రాలు ఒక కాడ కూడి ఒకరికొకరు పాఠం చెప్పుకునే సంఘం ఒకటి ఉండె. జాన్ టేటమ్ అనే ఆయన ఇంట్ల నడిచేది. ఒక ఉపన్యాసం ఇనాలంటే ఒక షిల్లింగు. బైండింగ్ పని నేర్చుకునే పోరని దగ్గర ఆ షిల్లింగు ఏడిది? అన్న రాబర్ట్ ఇచ్చిండు. ఆయన కూడ అయ్య లెక్క కమ్మరి పనోడే. సుత్తె కొట్టి సంపాదించిన పైసలు తమ్ముని సదువుకు పెట్టిండు. ఆ సంఘంల దోస్తులే ఫారడే భాషల తప్పులు దిద్దిండ్రు. అందరం కలిసి చదువుకుందాం అనే నలుగురు దొరికితే యూనివర్సిటీ లేకున్నా నడుస్తది అనేటందుకు ఇదొక సాక్ష్యం.

దొర కాడ, దొరసాని కాడ

1812ల రీబో దుకాణానికి వచ్చే ఒక పెద్దమనిషి ఈ పోరనికి రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌ల హంఫ్రీ డేవీ చెప్పే ఉపన్యాసాలకు టికెట్లు ఇచ్చిండు. డేవీ అంటే ఆ రోజులల్ల ఇంగ్లండ్‌ల పెద్ద పేరున్న కెమిస్టు. ఫారడే నాలుగు ఉపన్యాసాలు ఇన్నడు, ప్రతి ముక్క రాసుకున్నడు, బొమ్మలు గీసిండు. ఇంటికొచ్చి మల్ల సాఫుగ రాసి, దాదాపు 300 పేజీల పుస్తకం చేసి, తన చేతులతోనే బైండింగ్ చేసి డేవీకి పంపిండు. నౌకరి అడుక్కునేటందుకు ఆయన దగ్గర వేరే సర్టిఫికెట్ లేదు. చేసిన పనే సర్టిఫికెట్.

గప్పుడే ఒక ప్రయోగంల మందు పేలి డేవీ కండ్లకు దెబ్బ తాకింది. రాసిపెట్టేటందుకు మనిషి కావాలె. ఫారడే కొన్నొద్దులు ఆ పని చేసిండు. 1813 మార్చిల రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌ల అసిస్టెంటు నౌకరి దొరికింది. వారానికి 25 షిల్లింగులు, పైన అటక మీద రెండు అర్రలు, మంటకు బొగ్గు, వెలుతురుకు మైనపువత్తులు. ఆయన జిందగీ మొత్తం ఆ బిల్డింగ్ సుట్టే తిరిగింది.

అదే ఏడాది డేవీ భార్యతోని కలిసి యూరప్ యాత్రకు బయలుదేరిండు. డేవీ సొంత నౌకరు రానన్నడు. ఆ పని కూడ కొద్ది దినాలు నువ్వే చూడు అని ఫారడే మీద పెట్టిండ్రు. కొద్ది దినాలు అన్నది యాత్ర అయిపోయేదాక సాగింది. డేవీ భార్య జేన్‌కు ఈ పోరడు సైన్సు మనిషి లెక్క కనిపించలే, పనోని లెక్కనే కనిపించిండు. దొరసాని లెక్క పని చెప్పుడు, మాటలనుడు, తినేకాడ దూరం పెట్టుడు. వాపస్ పోదామా అని ఫారడే మనసుల శానసార్లు అనుకున్నడు. గని పారిస్‌ల ఆంపియర్‌ను, మిలాన్‌ల వోల్టాను కండ్లార చూసే అవకాశం మళ్ల రాదని పండ్లు కొరుక్కొని ఓర్సుకున్నడు. మనం కరెంటు లెక్కలల్ల వోల్టులు, ఆంపియర్లు అంటం కదా, ఆ పేర్లు గల్ల మనుషులే వీళ్లు. 1815ల లండన్‌కు వాపస్ వచ్చిండు.

1821ల సారా బర్నార్డ్‌ను పెండ్లి చేసుకున్నడు. అదే ఏడాది సెప్టెంబర్‌ల పాదరసం గిన్నెల అయస్కాంతం నిలబెట్టి, కరెంటు పోయే తీగ దాని సుట్టూ గిరగిర తిరిగేటట్టు చేసి చూపించిండు. బోరు మోటరు, మిక్సీ, ఫ్యాను, అన్నిటికీ తాత అదే. పేరు రాంగనే నింద కూడ వచ్చింది. పెద్దాయన వొలాస్టన్ ఆలోచనను ఎత్తుకపోయిండని మాటలన్నరు. 1824ల రాయల్ సొసైటీల సభ్యునిగ ఎన్నుకునే ముచ్చట వచ్చినప్పుడు అడ్డం తిరిగింది వేరెవలో కాదు, ఆ సొసైటీ అధ్యక్షుడైన డేవీనే. నౌకరి ఇచ్చిన చెయ్యే తలుపు మూయాలని చూసింది. కింద కూసున్నోడు పక్క కుర్చీల కూసుంటే శానమందికి సయించదు, అది ఏ దేశమైనా అంతే. అయినా ఫారడే ఎన్నికైండు. డేవీ గురించి మాత్రం జిందగీల చెడ్డగ మాట్లాడలే.

సీసం మిల్లుల చూసిన చక్రాలు

ఇగ మన లైటు ముచ్చటకొద్దాం. ఒకసారి ఫారడే సీసం మిల్లుకు పోయిండు. ఆడ పండ్లున్న పెద్ద చక్రాలు జోరుగ తిరుగుతున్నయి. ఒక్కో చక్రాన్ని చూస్తే పండ్లు కనిపిస్తలేవు, అంతా పొగ లెక్క ఉన్నది. జర పక్కకు జరిగి, ఒక చక్రం ఎనుక ఇంకో చక్రం వచ్చేటట్టు నిలబడి చూస్తే విచిత్రం. జోరుగ తిరిగే చక్రాల మీద పండ్లు నీడ లెక్క సక్కగ కనిపిస్తున్నయి, అవి కూడ మెల్లగ నడుస్తున్నయి. వేరేటోళ్లయితే వారెవ్వా అని ఇంటికి పోతరు. ఫారడే ఇంటికొచ్చి అట్ట ముక్కలతోని పండ్ల చక్రాలు కోసి, పుల్లలకు గుచ్చి, ఎన్ని తీర్ల తిప్పచ్చో అన్ని తీర్ల తిప్పి చూసిండు. 1830 డిసెంబర్‌ల ఆ సంగతంతా రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌ల చెప్పిండు, 1831ల అచ్చయింది. ఆయన కన్నా ముందే రోజే అనే ఆయన కంచె సందులల్ల నుంచి కనిపించే బండి చక్రాల గురించి రాసిండు. ఫారడే ఇంకా లోతుకు పోయిండు.

ఆయన తేల్చింది ఏంది? ముంగటి చక్రం పండు అడ్డమొచ్చినప్పుడు కన్ను మూసుకున్నట్టు, సందు వచ్చినప్పుడు తెరిచినట్టు. తెరిచిన ప్రతిసారి ఎనుక చక్రం పండు అదే జాగల దొరికితే చక్రం ఆగినట్టు కనిపిస్తది. జర ముందుకు దొరికితే మెల్లగ ముంగటికి నడిచినట్టు, జర ఎనుకకు దొరికితే ఎనుకకు తిరిగినట్టు కనిపిస్తది. చక్రం అబద్ధం చెప్తలేదు, కన్ను కూడ అబద్ధం చెప్తలేదు. రెండు తాళాలు కలిసిన కాడ, కలవని కాడ పుట్టే తమాషా అది.

దీన్ని మీరు ఇంట్లనే చేసి చూడచ్చు. గట్టి అట్టను గుండ్రంగ కోసి, అంచు సుట్టూ సమానంగ పన్నెండు సన్న గండ్లు పెట్టండ్రి. నడుమ మొల గుచ్చి కట్టెకు బిగించండ్రి. అద్దం ముంగట నిలబడి అట్టను గిరగిర తిప్పుతూ, ఆ గండ్ల సందుల నుంచే అద్దంల జూడండ్రి. తిరిగే అట్ట మీది గండ్లు ఆగిపోయినట్టు కనిపిస్తయి. అద్దం ప్రయోగం కూడ ఫారడేదే. రెండేండ్లు తిరగకముందే బెల్జియంల ప్లాటో, వియన్నాల స్టాంఫర్ ఎవలకు వాళ్లు అట్ట మీద బొమ్మలు గీసి, తిప్పితే బొమ్మ ఉరికేటట్టు చేసిండ్రు. సినిమాకు దారి అట్ల పడ్డది.

ఉంగరంల దొరికిన కరెంటు

ఇగ రెండో సంగతి. 1831 ఆగస్టు 29 నాడు ఫారడే ఇనుప ఉంగరానికి రెండు దిక్కుల రెండు తీగ చుట్టలు చుట్టిండు. ఒక చుట్టకు బ్యాటరీ కలిపిండు, రెండో చుట్ట కాడ ముల్లు పెట్టి చూసిండు. బ్యాటరీ కలిపినప్పుడు ముల్లు ఒక్కసారి ఉలిక్కిపడ్డది, మళ్ల ఆగింది. తీసేసినప్పుడు ఉల్టా దిక్కు ఉలిక్కిపడ్డది. నడుమల ఏం లేదు. అక్టోబర్‌ల ఒట్టి అయస్కాంతాన్నే తీగ చుట్టలకు దూపిండు. లోపలికి పోతే ముల్లు ఒక దిక్కు, బయటికి తీస్తే ఇంకో దిక్కు. అయస్కాంతం కదలకుంటే కరెంటు లేదు. కదిలితేనే కరెంటు.

అయస్కాంతాన్ని ఆగకుండ తిప్పితే కరెంటు ఆగకుండ అటిటు ఊగుతది. మరుసటేడే పారిస్‌ల పిక్సీ అనే ఆయన చేతితోని తిప్పే మిషన్ చేసిండు. ఇప్పటి కరెంటు ఫ్యాక్టరీలల్ల, బొగ్గుదైనా నీళ్లదైనా, తిరిగేది గదే లెక్క. మన దేశంల కరెంటు సెకనుకు 50 ఊపులు ఊగుతది. ఉయ్యాల ఒక్క ఊపుల రెండు చివర్లకు పోయొచ్చినట్టు, కరెంటు ఒక్క ఊపుల రెండుసార్లు నిండుతది, రెండుసార్లు సున్నా అయితది. అంటే లైటు సెకనుకు 100 సార్లు పెరిగి తగ్గుతది. అమెరికాల 60 ఊపులు, ఆడ 120 సార్లు.

మరి మన కంటికి ఎందుకు తెల్వది? గంత జోరుగ కొట్టుకుంటే కన్ను అన్నిటిని కలిపి ఒకటే వెలుగు లెక్క చూస్తది. పాత బల్బుల తీగ ఎర్రగ కాలి ఉంటది కాబట్టి కరెంటు సున్నా అయినా వెంటనే సల్లారదు, వెలుగు జరంతనే తగ్గుతది. ఎల్ఈడీకి గా ఓపిక లేదు, కరెంటు తగ్గంగనే వెలుగు తగ్గుతది. మంచి కంపెనీ బల్బుల లోపల కరెంటును సాఫు చేసే సామాను ఉంటది. అగ్గువ బల్బుల ఆ సామాను మిగిలిచ్చుకుంటరు. చోకు ఉన్న పాత ట్యూబులైటు కూడ కొట్టుకునేదే.

ఫోన్ కెమెరా ఏం చేస్తది? సెకనుకు 30 బొమ్మలు తీస్తది. అది ఫారడే ముంగటి చక్రం లెక్క, తెరుచుడు మూసుడు. లైటు ఎనుక చక్రం లెక్క. 100ను 30తోని భాగించి చూడండ్రి, సమానంగ పోదు. ఒక బొమ్మకు లైటు నిండుగ ఉన్నప్పుడు దొరుకుతది, ఇంకో బొమ్మకు తగ్గినప్పుడు దొరుకుతది. మూడు బొమ్మలకొకసారి తాళం మళ్ల మొదటికొస్తది. గందుకే వీడియోల లైటు సెకనుకు పది సార్లు కొట్టుకున్నట్టు కనిపిస్తది. 100 కంటికి తెల్వది, 10 తెలుస్తది.

మరి చారలు? ఫోన్ కెమెరా బొమ్మను ఒక్కసారే తీయదు. పై వరుస నుంచి కింది వరుస దాక ఒక్కొక్క వరుస చదువుకుంట వస్తది. పై వరుస చదివినప్పుడు లైటు నిండుగ ఉంటే తెల్లగ, కింది వరుసకు వచ్చేసరికి తగ్గితే నల్లగ. అదీ చార. దుకాణం ఎల్ఈడీ బోర్డు అయితే అన్ని వరుసలను ఒక్కసారే వెలిగించదు, వంతుల వారీగ వెలిగిస్తది. కెమెరా తెరిచిన గడియల ఏ వరుస వంతు ఉంటే గంతనే దొరుకుతది. కొన్ని ఫోన్ల స్క్రీన్లు, టీవీలు కూడ వెలుగు తగ్గించాలంటే జోరుగ ఆర్పి వెలిగిస్తయి, గందుకే వాటిని ఇంకో ఫోన్‌తోని తీస్తే చారలు పడుతయి.

రీల్స్, షార్ట్ ఫిల్మ్‌లు తీసే తమ్ముళ్లకు కావలసింది ఇదే. కెమెరా సెట్టింగ్‌లల్ల ఫ్లికర్ అని ఉంటే 50 హెర్ట్జ్ పెట్టండ్రి. ప్రో మోడ్ ఉంటే షట్టర్ 1/50 లేకుంటే 1/100 పెట్టండ్రి. గప్పుడు ప్రతి బొమ్మకు నిండు పెరుగుడు, నిండు తగ్గుడు సమానంగ దొరుకుతది, కొట్టుకొనుడు మాయమైతది. సెకనుకు 25 బొమ్మలు తీసే వీలుంటే ఇంకా మంచిది, 100ను 25 సమానంగ భాగిస్తది. బల్బు కొనేటప్పుడు దుకాణంలనే స్లోమోషన్ వీడియో తీసి చూడండ్రి. బాగ కొట్టుకుంటే పక్కకు పెట్టండ్రి. అసువంటి వెలుగుల చదివితే కొందరికి తలనొప్పి లేస్తది, కండ్లు గుంజుతయి.

పానం మీదికి వచ్చే సంగతి

ఇదంతా వీడియో సక్కగ వచ్చుడు కోసమే అనుకునేరు. రైస్ మిల్లుల, కట్టె కోత మిషన్ల కాడ, లేత్ వర్క్‌షాపులల్ల పని చేసే పోరగాండ్లకు ఇది చేతులు, వేళ్ల ముచ్చట. సీసం మిల్లుల ఫారడే కంటికి తిరిగే చక్రం మెల్లగ నడిచినట్టు కనిపించింది కదా. మన షెడ్డుల ముంగటి చక్రం అక్కరలేదు, కొట్టుకునే లైటే ఆ పని చేస్తది.

లెక్క చూడండ్రి. నిమిషానికి 1440 చుట్లు తిరిగే మోటరు, అంటే సెకనుకు 24. దాని మీద నాలుగు కమ్మీల పుల్లీ ఉన్నదనుకో. సెకనుకు 96 కమ్మీలు కంటి ముంగట పోతయి. లైటు 100 సార్లు కొడుతది. 96, 100 దాదాపు ఒకటే కాబట్టి, జోరుగ ఉరికే ఆ పుల్లీ ఎనుకకు మెల్లగ, సెకనుకు ఒక్క చుట్టు తిరిగినట్టు కనిపిస్తది. వేగం సరిగ్గ కలిస్తే మొత్తానికే ఆగినట్టు కనిపిస్తది. రంపం పండ్లకు కూడ గదే లెక్క. మిషన్ల సప్పుడుల ఏది నడుస్తున్నదో చెవికి తెల్వదు. ఆగింది అనుకొని చెయ్యి పెడితే ఏమైతదో నేను చెప్పాల్సిన పని లేదు.

దీనికి మందు కొత్తది కాదు, ఖరీదైంది కూడ కాదు. త్రీఫేజ్ ఉన్న షెడ్డుల పక్కపక్క లైట్లను వేరే వేరే ఫేజ్‌ల మీద వేస్తే ఒకటి తగ్గినప్పుడు ఇంకోటి నిండుగ ఉంటది. మిషన్ మీద వెలుగు పడే కాడ కొట్టుకోని మంచి లైటు పెట్టాలె. ఒక్క చోకు ట్యూబులైటు కిందనో, అగ్గువ ఎల్ఈడీ కిందనో రంపం నడపద్దు. స్విచ్ బంద్ చేసి, మెయిన్ తీసి, గప్పుడే చెయ్యి పెట్టాలె. కంటిని నమ్మద్దు. ఇది ఓనరును అడిగి చేయించుకోవాల్సిన హక్కు, దయ కాదు.

పనోళ్ల పానం సంగతి ఫారడేకు కూడ వచ్చింది. 1844ల హాస్వెల్ బొగ్గుబాయి పేలి 95 మంది, పెద్దోళ్లు పిల్లలు, సచ్చిపోయిండ్రు. సర్కారు ఆయన్నూ, లయల్ అనే భూగర్భ శాస్త్రవేత్తనూ పంపింది. ఫారడే బాయిల దిగి చూసిండు. గాలి ఆడకపోవుడు, బొగ్గు దుమ్ము ఎంత పని చేస్తయో ఇద్దరూ రిపోర్టు రాసిచ్చిండ్రు.

బల్ల కదిలిందట

1853 నాటికి లండన్‌ల ఒక పిచ్చి లేసింది. పది మంది బల్ల సుట్టూ కూసోని చేతులు పెడితే బల్ల దానంతటదే తిరుగుతదట. ఆత్మలు తిప్పుతున్నయని కొందరు, కరెంటు అని కొందరు అన్నరు. ఫారడేను అడిగిండ్రు. ఆయన నవ్వి ఊకోలే, నమ్మి దండం పెట్టలే. చేతుల కింద అట్ట ముక్కలు ఒకదాని మీద ఒకటి మెత్తగ అతికించి పెట్టిండు. బల్లే ముందు కదిలితే కింది అట్టలు ముందు జరగాలె. పై అట్టలే ముందు జరిగినయి. అంటే చేతులే బల్లను నూకుతున్నయి, నూకుతున్నట్టు వాళ్లకే తెల్వది. చేతులు జరిగితే చూపించే పుల్లను కండ్ల ముంగట పెట్టంగనే బల్ల తిరుగుడు ఆగిపోయింది. కూసున్నోళ్లు దొంగలు కాదు, మోసపోయినోళ్లు. ఆ తేడా కూడ ఆయన ఇడమరిచి చెప్పిండు.

వాట్సాప్ వీడియోలను గురించి నాకు ఇంతకన్నా మంచి పాఠం దొరకలే. లైటు కొట్టుకుంటే గాలి అన్న మనిషిని ఎక్కిరిస్తే వాడు ఇంకింత మొండికెక్కుతడు. ఫోన్ చేతికిచ్చి, షట్టర్ 1/100 పెట్టి, ఇగ చూడు అంటే దయ్యం దానంతట అదే ఎల్లిపోతది.

సర్ బిరుదు వద్దన్న సాదా మనిషి

ఫారడేకు పెద్ద లెక్కలు రావు. ఆ కొరత ఆయనకు తెలుసు. గందుకే అయస్కాంతం సుట్టూ గీతలు ఊహించుకొని బొమ్మలతోని ఆలోచించిండు. ఆ గీతలకు తర్వాత మాక్స్‌వెల్ లెక్కలు కట్టిండు. ఇయ్యాల మన ఫోన్‌కు సిగ్నల్ అందుతున్నదంటే ఆ దారిలనే. 1845ల ఫారడే అయస్కాంతం వెలుగు మీద కూడ పని చేస్తదని గాజు ముక్కతోని చూపించిండు. ప్రయోగాల డైరీల ప్రతి సంగతికి నంబరు వేసుకుంట పోతే 16 వేల పైచిలుకు అయినయి. నడి వయసు నుంచి మతిమరుపు సతాయించింది. మర్చిపోతనని తెలిసినోడు రాసిపెట్టుకుంట నడిచిండు.

సీమ దీవి ఓడలకు దారి చూపే దీపస్తంభాల సంస్థకు 1836 నుంచి సలహాదారుగ ఉన్నడు. 1858 డిసెంబర్‌ల సౌత్ ఫోర్‌లాండ్ దీపస్తంభం మీద అయస్కాంతం మిషన్ కరెంటుతోని దీపం వెలిగింది. తాను ఉంగరం కాడ చూసిన ముల్లు ఉలికిపాటు సముద్రం మీద వెలుగైంది, దాన్ని కూడ పోయి పరీక్ష చేసి రిపోర్టు రాసిండు.

ప్రతి ఏడు క్రిస్మస్‌కు పిల్లల కోసం పాఠాలు పెట్టిచ్చిండు, తానే 19 ఏండ్లు చెప్పిండు. ఒక మైనపువత్తిని పట్టుకొని మొత్తం కెమిస్ట్రీ చెప్పిన పాఠాలు 1861ల పుస్తకంగ వచ్చినయి. సర్ బిరుదు ఇస్తమంటే వద్దన్నడు. రాయల్ సొసైటీ అధ్యక్ష కుర్చీ ఇస్తమన్నా వద్దన్నడు. ఆస్తి కూడబెట్టుడు తప్పు అనుకునే చిన్న క్రైస్తవ సంఘం ఆయనది. చివరి ఏండ్లల్ల ఉండేటందుకు సొంత ఇల్లు లేకుంటే రాణి హాంప్టన్ కోర్టు కాడ ఇల్లిచ్చింది. 1867 ఆగస్టు 25 నాడు ఆ ఇంట్లనే కుర్చీల కూసోని పానం ఇడిసిండు. రాజులు, పెద్దోళ్లు ఉండే వెస్ట్‌మినిస్టర్‌ల కాదు, హైగేట్ శ్మశానంల సాదా సమాధి.

రీబో దుకాణం, అన్న ఇచ్చిన షిల్లింగు, పోరగాండ్ల సంఘం, ఈ మూడిట్ల ఒకటి తప్పినా ఫారడే జిందగీ మొత్తం పుస్తకాలు కుట్టుకుంటనే ఉండేటోడు. అట్ల కుట్టుకుంట ఉండిపోయినోళ్లు ఎందరున్నరో లెక్క లేదు. మన ఊర్ల లైబ్రరీకి తాళం పడితే, సర్కారు బడిల సైన్సు ల్యాబ్ సామాను డబ్బాలల్లనే ఉంటే, గా లెక్కల ఇంకొందరు కలుస్తరు. తాళం ఎవల దగ్గరున్నదో పోయి అడుగుండ్రి. అడిగే లోపట అట్ట, మొల, అద్దం మీ ఇంట్లనే ఉన్నయి. పొద్దుగూకినంక లైటు కింద ఒకసారి తిప్పి చూడండ్రి.